డీఓ చదువుతూ స్టెప్ 1 కూడా రాయాలా, కాంలెక్స్ ఒక్కటీ చాలా?

ఖమ్మం_మిస్సోరి అడిగిన ప్రశ్న

అన్నలకు, అక్కలకు నమస్కారం. నేను అమెరికాలో డీఓ (ఆస్టియోపతిక్ కాలేజీల్లో ఇచ్చే, ఇక్కడి ఎండీకి సమానమైన డాక్టర్ పట్టా) రెండో సంవత్సరంలో ఉన్నాను. తొమ్మిదో తరగతి దాకా ఖమ్మంలో చదివాను, తర్వాత నాన్న ఉద్యోగం వల్ల ఇక్కడికి వచ్చేశాం. మా ఇంట్లో డాక్టర్లు ఎవరూ లేరు. కాలేజీలో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

జూన్ రెండో వారంలో కాంలెక్స్ (డీఓల లైసెన్స్ పరీక్ష) లెవెల్ 1 రాయాలి. అది మాకు తప్పనిసరి. లెవెల్ 1, లెవెల్ 2 పాసవకుండా డీఓ పట్టా రాదు. దాంతో నాకు పేచీ లేదు. సమస్యంతా యూఎస్‌ఎంఎల్‌ఈ స్టెప్ 1 (ఎండీ వాళ్ల లైసెన్స్ పరీక్షలో మొదటిది) గురించి. డీఓ వాళ్లకి అది ఐచ్ఛికం, కానీ మా క్లాసులో చాలామంది రెండూ రాస్తామంటున్నారు. లైబ్రరీలో కూర్చుంటే ఇదే చర్చ. నేను రాయడం లేదేమో అంటే "నీకు ఏ స్పెషాలిటీ వద్దా?" అన్నట్టు చూస్తున్నారు.

మా బాబాయ్ (నాన్నకి పెదనాన్న కొడుకు) మిషిగన్‌లో కార్డియాలజిస్ట్. ఇండియాలో ఎంబీబీఎస్ చేసి, స్టెప్పులన్నీ రాసి ఇక్కడ స్థిరపడ్డారు. రెసిడెన్సీ (పట్టా తర్వాత ఆస్పత్రిలో చేసే స్పెషాలిటీ శిక్షణ) గురించి ఆయన మాట ఒక్కటే: "స్టెప్ 1 లేకుండా అప్లికేషన్ ఎవరూ తెరిచి చూడరు." అమ్మానాన్నలకి ఆయన మాటే వేదం. "ఎలాగూ చదువుతున్నావు కదా, ఇంకో పరీక్ష రాస్తే పోయేదేముంది?" అంటున్నారు. ఫీజు వాళ్లే కడతామంటున్నారు కూడా. ఒక్కో పరీక్షకి ఆరు వందల డాలర్ల పైనే అవుతుంది. లోన్ల మీద చదువుతున్నవాడిని, వాళ్ల దగ్గర ఇంకా తీసుకోవడం నాకే ఇబ్బందిగా ఉంది.

నా పరిస్థితి: మొన్న రాసిన ఎన్‌బీఎంఈ ప్రాక్టీస్ పరీక్షలో (స్టెప్ 1 కోసం రాసేది) 59 శాతం వచ్చింది. కామ్‌సేలో (కాంలెక్స్ ప్రాక్టీస్ పరీక్ష) 470. యూవరల్డ్ (ఆన్‌లైన్ ప్రశ్నల బ్యాంకు) ప్రశ్నలు సగం కూడా అవలేదు. బయోకెమిస్ట్రీ, ఇమ్యునాలజీ బలహీనం. ఓఎమ్ఎమ్ (చేతులతో కండరాలు, కీళ్లు సరిచేసే డీఓ వైద్యం) బాగానే వస్తుంది, నాకు ఇష్టం కూడా. స్పెషాలిటీ ఇంకా తేల్చుకోలేదు. ఇంటర్నల్ మెడిసిన్, అనస్థీషియా, ఫిజికల్ మెడిసిన్ (పునరావాస వైద్యం, పీఎం అండ్ ఆర్), ఈ మూడింటి మధ్య ఊగుతున్నాను. సర్జరీ వైపు మనసు లేదు.

రెండూ రాయాలంటే ఇప్పుడే డేట్ తీసుకోవాలి, మా ఊరి దగ్గర ప్రోమెట్రిక్ సెంటర్లో సీట్లు అయిపోతున్నాయి. నిజంగా రాయాలా? లేక భయంతో రాస్తున్నామా?

అనస్థీషియా_అక్క

తమ్ముడూ, నేను డీఓ చేసి ఇప్పుడు అనస్థీషియా రెసిడెన్సీలో ఉన్నాను. నీ ప్రశ్నే రెండో సంవత్సరంలో నన్ను కూడా నిద్రపోనివ్వలేదు. నేను స్టెప్ 1 రాయలేదు. స్టెప్ 2 సీకే (అదే వరుసలో క్లినికల్ పరీక్ష) రాశాను. నీకూ అదే చెబుతాను, ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు ఒక విషయం మీ ఇంట్లో వాళ్లకి అర్థమవ్వాలి. 2022 జనవరి 26 నుంచి స్టెప్ 1కి మార్కులు లేవు, పాసా ఫెయిలా అంతే. అదే ఏడాది మేలో కాంలెక్స్ లెవెల్ 1 కూడా అలాగే మారింది. అంతకుముందు సీనియర్లు స్టెప్ 1 రాసేవాళ్లంటే దానికి అర్థం ఉంది. 240, 250 తెచ్చుకుంటే ఆ అంకె చూపించి "ఎండీ వాళ్లతో సమానంగా నిలబడ్డాను" అని చెప్పుకోగలిగేవాళ్లు. ఇప్పుడు నువ్వు ఎంత గొప్పగా రాసినా రిపోర్టులో కనిపించేది "పాస్" ఒక్కటే. ఫెయిలైతే మాత్రం ఫెయిల్ అనే కనిపిస్తుంది. యూఎస్‌ఎంఎల్‌ఈ ట్రాన్‌స్క్రిప్ట్ పంపిస్తే నువ్వు రాసిన ప్రతి ప్రయత్నమూ అందులో ఉంటుంది. తర్వాత స్టెప్ 2లో మంచి మార్కులు తెచ్చుకున్నా, వాటిని చూపించాలంటే పాత ఫెయిల్‌ని కూడా చూపించాల్సిందే.

ఫెయిలవడం అరుదేమీ కాదు. మార్కులు తీసేశాక మొదటిసారి రాసే డీఓ విద్యార్థుల పాస్ శాతం తొంభై లోపుకి పడిపోయింది. వాళ్లంతా చదవనివాళ్లు కాదు. చాలామంది నీలాగే ఎన్‌బీఎంఈల్లో అరవై దగ్గర ఆగి, డేట్ ముందే కట్టేశాం కదా అని వెళ్లి రాసినవాళ్లు. 59 అంటే అంచుకి కింద ఉన్నట్టు. వరుసగా రెండు మూడు ప్రాక్టీస్ పరీక్షల్లో డెబ్భై దగ్గరికి వస్తే తప్ప వెళ్లకూడదని మా ఫ్యాకల్టీ గట్టిగా చెప్పేవారు, నేనూ అదే నమ్ముతాను.

ఇప్పుడు అసలు సంగతి. స్టెప్ 2 సీకే రాయడానికి స్టెప్ 1 పాసై ఉండాలన్న నియమం లేదు. ఇది చాలామందికి తెలియదు, మా క్లాసులో కూడా మూడో సంవత్సరం దాకా తెలియనివాళ్లున్నారు. ఈ దేశపు మెడికల్ స్కూల్లో చదువుతున్నవాళ్లు రెండింటినీ ఏ వరుసలోనైనా రాయొచ్చు. రెండూ పాసై ఉండాలని అడిగేది స్టెప్ 3కి మాత్రమే. మనకి స్టెప్ 3 అవసరం లేదు. లెవెల్ 3 రాసి లైసెన్స్ తెచ్చుకుంటాం, కాంలెక్స్ మూడు లెవెల్స్ పాసైన డీఓకి ఏ రాష్ట్రంలోనైనా లైసెన్స్ ఇస్తారు.

స్టెప్ 2కి ఇంకా మూడంకెల స్కోరు ఉంది. అనస్థీషియా ప్రోగ్రాంలలో కొన్ని కాంలెక్స్ చాలంటాయి, కొన్ని పైకి చాలని చెప్పినా స్టెప్ స్కోరు ఉన్నవాళ్లనే ఎక్కువగా పిలుస్తాయి. నేను అప్లై చేసిన చోట్ల నాకు కనిపించింది అదే. ఇంటర్వ్యూలో ఎవరూ నన్ను "స్టెప్ 1 ఎందుకు రాయలేదు" అని అడగలేదు. ఒక్క చోట మాత్రం అడిగారు. లెవెల్ 1 పాసయ్యాను, ఆ వేసవి అంతా దాని మీదే పెట్టాను అని చెప్పాను. మాట అక్కడితో ఆగిపోయింది.

"ఇంకో పరీక్ష రాస్తే పోయేదేముంది" అన్నది పెద్దవాళ్లు ప్రేమతో అనే మాటే. కానీ పోయేది ఉంది. పరీక్షకి ముందున్న ఆ అయిదారు వారాల్లో నీ బయోకెమిస్ట్రీ బాగుచేసుకోవాలి, మైక్రో తిరగేయాలి, ఓఎమ్ఎమ్ చివర్లో మళ్లీ చదవాలి. చాప్‌మన్ పాయింట్లు (ఓఎమ్ఎమ్‌లో ఒక్కో అవయవానికీ చెప్పే ఒంటి మీది చోట్లు) ఒక వారం వదిలేస్తే పోతాయి. అపెండిక్స్ పాయింట్ కుడివైపు పన్నెండో పక్కటెముక కొన దగ్గర అని ఈరోజు గుర్తుంటుంది, రేపు పదకొండా పన్నెండా అని తడుముకుంటాం. కాంలెక్స్ ప్రశ్నల తీరు కూడా వేరు, పొట్టిగా, కొంచెం అస్పష్టంగా ఉంటాయి. యూవరల్డ్ చేసినంత మాత్రాన అది అలవాటవదు. తప్పనిసరి పరీక్షని పక్కన పెట్టి ఐచ్ఛిక పరీక్ష కోసం ఒత్తిడి పెంచుకుని, చివరికి లెవెల్ 1 దెబ్బతింటే రొటేషన్లే (మూడో సంవత్సరం ఆస్పత్రి శిక్షణ) ఆలస్యమవుతాయి. అలా జరిగినవాళ్లని చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆర్థో_ఆశ

అక్క చెప్పినదానితో పూర్తిగా ఏకీభవించలేను. నేను డీఓ నాలుగో సంవత్సరం, ఆర్థోపెడిక్స్‌కి అప్లై చేస్తున్నాను. నేను స్టెప్ 1 రాశాను, రాసినందుకు సంతోషం. నాలుగో సంవత్సరం మొదట్లో బయటి ఆస్పత్రుల్లో ఆడిషన్ రొటేషన్లకి (మనకి కావాల్సిన ప్రోగ్రాంలో కొన్నాళ్లు పనిచేసి చూపించడం) అప్లై చేసేటప్పుడు కొన్ని చోట్ల స్టెప్ 1 పాస్ అడుగుతున్నారు. అప్పటికి స్టెప్ 2 రిజల్ట్ చేతిలో ఉండదు. ఆర్థో, న్యూరోసర్జరీ, ఈఎన్‌టీ, డెర్మటాలజీ లాంటివి మనసులో ఏ మూలన ఉన్నా స్టెప్ 1 మానేయడం రిస్క్. ఆ స్పెషాలిటీల్లో డీఓలకి ముందే దారి ఇరుకు. ఇంకోటి, స్టెప్ 1కి గట్టిగా చదివిన ఫిజియాలజీ, ఫార్మకాలజీ నాకు స్టెప్ 2లో బాగా పనికొచ్చాయి.

కానీ తమ్ముడు సర్జరీ వద్దంటున్నాడు, 59 దగ్గర ఉన్నాడు. ఈ రెండూ కలిస్తే నేనైనా ఇప్పుడు రాయమని చెప్పను. సర్జరీ వద్దనే మాట మూడో సంవత్సరం రొటేషన్ల తర్వాత మారుతుందేమో ఒక్కసారి ఆలోచించుకో. నాకు మారింది.

పీఎంఆర్_రెసిడెంట్_ఒహాయో

నేను పీఎం అండ్ ఆర్ రెండో ఏడాది రెసిడెంట్‌ని. కాంలెక్స్ తప్ప ఏదీ రాయలేదు, నేను కోరుకున్న ప్రోగ్రాంలోనే మ్యాచ్ అయ్యాను (రెసిడెన్సీ సీటు వచ్చింది). మా స్పెషాలిటీలో డీఓలు ముందునుంచీ ఎక్కువ. వెన్నునొప్పి, మెడనొప్పితో వచ్చిన పేషెంటు ఒంటి మీద చెయ్యి పెట్టి పరీక్షించడం అలవాటైన మనిషి ఇక్కడ అందరికీ కావాలి. ఆడిషన్ రొటేషన్‌లో అటెండింగ్ (సీనియర్ డాక్టర్) ముందు ఒక పేషెంటుకి ఓఎమ్‌టీ (ఓఎమ్ఎమ్ చికిత్స) చేశాను, ఇంటర్వ్యూలో సగం సేపు దాని గురించే మాట్లాడారు.

నీ మనసు నిజంగా పీఎం అండ్ ఆర్ వైపు మొగ్గితే, ఆ డబ్బూ ఆ వారాలూ మంచి ఆడిషన్ రొటేషన్లకి ఖర్చు పెట్టు. వేరే ఊర్లో నెల రోజులు ఉండాలంటే అద్దె, కారు అన్నీ చేతినుంచే పెట్టుకోవాలి.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఒకే దేశంలో, ఒకే ఆస్పత్రిలో, ఒకే పని చేయబోయే పిల్లల్లో ఒక వర్గం మాత్రమే రెండు రెట్లు పరీక్షలు రాసి రెండు రెట్లు డబ్బు కట్టాలనడం అన్యాయం. 2020 జూన్‌తో రెసిడెన్సీలన్నీ ఏసీజీఎమ్ఈ (రెసిడెన్సీలకి గుర్తింపు ఇచ్చే సంస్థ) కిందికి వచ్చి ఒకే వ్యవస్థ అయిపోయాయి. అప్పుడే పరీక్షల సంగతి కూడా తేల్చాల్సింది. 2023లో ఫెయిర్ యాక్సెస్ ఇన్ రెసిడెన్సీ అని ఒక బిల్లు అమెరికా కాంగ్రెస్‌లో పెట్టారు, ప్రభుత్వ నిధులు తీసుకునే ప్రోగ్రాంలు కాంలెక్స్‌ని కూడా అంగీకరించాలని. మన స్టూడెంట్ సంఘాలు ఇలాంటివాటికి ఉత్తరాలు రాస్తుంటాయి. వీలుంటే నువ్వూ సంతకం పెట్టు.

గుంటూరు_ఎంబీబీఎస్

బాబూ, నేను గుంటూరు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చేసి మీ బాబాయిగారిలాగే వచ్చినవాణ్ణి. ఇప్పుడు ఒక ఇంటర్నల్ మెడిసిన్ ప్రోగ్రాంలో అప్లికేషన్లు చదివే బృందంలో ఉన్నాను. కాబట్టి రెండు వైపులా చెప్పగలను.

ముందు మీ బాబాయిగారి గురించి. ఆయన చెప్పింది ఆయన అనుభవం ప్రకారం నిజం. మాలాంటివాళ్లకి ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికెట్ (విదేశాల్లో చదివిన డాక్టర్లకి ఇక్కడ రెసిడెన్సీకి కావాల్సినది) కావాలి, దానికి స్టెప్ 1, స్టెప్ 2 రెండూ పాసవ్వాలి. వేరే దారి లేదు. పైగా వీసా బెంగ. మా రోజుల్లో స్టెప్ 1 స్కోరే మా మొహం, మా పేరు, మా కాలేజీ అన్నీ. హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లో కూర్చుని రెండు అంకెల తేడా కోసం ఏళ్లు ఖర్చు పెట్టినవాళ్లని చూశాను. అలా వచ్చిన మనిషి స్టెప్ 1 అక్కర్లేదంటే నమ్మలేడు. కానీ నువ్వు ఆ దారిలో లేవు. నువ్వు ఈ దేశపు మెడికల్ స్కూల్ విద్యార్థివి. డీఓ సీనియర్లలో 92 శాతానికి పైగా మ్యాచ్ అవుతున్నారు, ఎండీ వాళ్లకీ నీకూ తేడా ఒకటి రెండు శాతాలే. విదేశాల్లో చదివి వచ్చినవాళ్ల అంకె దానికి చాలా కింద ఉంటుంది. ఈ మాట ఆయనతో నేరుగా చెప్పు, ఆయన లెక్కలు తెలిసిన మనిషే కదా.

ఇక మా గదిలో ఏం జరుగుతుందో చెబుతాను. వేల అప్లికేషన్లు వస్తాయి, ఇంటర్వ్యూలు వందల్లోనే ఇవ్వగలం. అన్నీ మొదటినుంచి చివరిదాకా చదవడం మనుషుల వల్ల కాదు. కంప్యూటర్‌లో ఫిల్టర్ పెడతారు. ఫిల్టర్‌లో స్టెప్ 2 అంకె ఒక్కటే పెట్టి కాంలెక్స్ గడి పెట్టడం మర్చిపోతే, కాంలెక్స్ మాత్రమే రాసిన పిల్లలు అసలు తెర మీదే కనపడరు. వాళ్ల మీద ఎవరికీ చెడు అభిప్రాయం లేదు, అయినా కనపడరు. మా దగ్గర ఇప్పుడు రెండు గడులూ పెడతాం, దానికోసం నేను రెండు మీటింగుల్లో వాదించాను. అన్ని చోట్లా ఇలా వాదించేవాళ్లు ఉండకపోవచ్చు.

రెండో ఇబ్బంది, కాంలెక్స్ 560 అంటే ఎంత మంచిదో చాలామంది ఎండీ ఫ్యాకల్టీకి తెలియదు. స్టెప్ 2లో 250 అంటే వెంటనే అర్థమవుతుంది. పర్సంటైల్ చూసుకోవచ్చు, కానీ కాంలెక్స్ పర్సంటైల్ డీఓలతో పోల్చింది, స్టెప్‌ది వేరే గుంపుతో పోల్చింది. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చే సూత్రాలేవో ఆన్‌లైన్‌లో తిరుగుతుంటాయి, వాటిని నమ్మి నిర్ణయాలు తీసుకోవద్దు.

కాబట్టి ఇంటర్నల్ మెడిసిన్‌లో పెద్ద యూనివర్సిటీ ప్రోగ్రాం కావాలన్నా, తర్వాత కార్డియాలజీ, గ్యాస్ట్రో ఫెలోషిప్ కావాలన్నా స్టెప్ 2 సీకే రాయమంటాను. స్టెప్ 1 లేదని మా బృందంలో ఒక అప్లికేషన్ పక్కన పెట్టిన రోజు నాకు గుర్తులేదు. ఫెయిల్ ఉందని పక్కన పెట్టినవి మాత్రం ఉన్నాయి. ఆ పిల్లల ఉత్తరాలు చదువుతుంటే బాధేస్తుంది, రాయనక్కర్లేని పరీక్ష అది.

ఒక పాత సంగతి కూడా చెప్పాలనిపిస్తోంది. 1962లో కాలిఫోర్నియాలో డీఓలకి 65 డాలర్లు కడితే ఎండీ పట్టా ఇచ్చారు. రెండు వేల మంది దాకా తీసుకున్నారు. కొత్త డీఓలకి ఆ రాష్ట్రంలో లైసెన్సులు ఆపేశారు, 1974లో కోర్టు తీర్పు వచ్చాకే మళ్లీ మొదలైంది. అంత పోరాడి నిలబెట్టుకున్న పట్టా మీది. అందుకే ఎన్‌బీఓఎంఈ (కాంలెక్స్ పెట్టే సంస్థ) వాళ్లు తమ పరీక్షని అంత తేలిగ్గా వదులుకోరు. రెండు పరీక్షల గొడవ నువ్వు రెసిడెన్సీకి వెళ్లేలోపు తేలదు, దాన్ని ఉన్నదున్నట్టు తీసుకునే ప్లాన్ వేసుకో.

ఖమ్మం_మిస్సోరి

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. డాక్టర్ గారూ, మీ మాటలు చదివి నాన్నకి ఫోన్లో వినిపించాను. బాబాయ్‌తో ఈ ఆదివారం మాట్లాడతానన్నారు. ఆర్థో అన్న చెప్పింది కూడా ఆలోచించాను. సర్జరీ గురించి మనసు మారదని ఒట్టేసి చెప్పలేను. కానీ 59తో జూన్‌లో రెండు పరీక్షలు రాయడం నావల్ల కాదని ఒప్పుకుంటున్నాను. స్టెప్ 1 డేట్ తీసుకోవడం లేదు. లెవెల్ 1 మీదే ఉంటాను.

అక్కా, ఒక్క ప్రశ్న. మూడో సంవత్సరం చివర్లో స్టెప్ 2, లెవెల్ 2 రెండూ రాయాలి కదా, ఏది ముందు? మధ్యలో ఎంత గ్యాప్? అనస్థీషియా ఆడిషన్‌కి స్టెప్ 1 అడిగితే ఏం చేశారు?

అనస్థీషియా_అక్క

మంచి నిర్ణయం తమ్ముడూ. ఆడిషన్ సంగతి ముందు చెబుతాను. స్టెప్ 1 తప్పనిసరి అని పెట్టిన చోట్లకి నేను అప్లై చేయలేదు. లెవెల్ 1 చాలన్నవి వెతుక్కున్నాను, దొరికాయి. ప్రోగ్రాం వెబ్‌సైట్‌లో స్పష్టంగా లేకపోతే కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టు, "డీఓ విద్యార్థిని, లెవెల్ 1 పాసయ్యాను, స్టెప్ 1 రాయలేదు, అప్లై చేయొచ్చా" అని రెండు లైన్లు చాలు. చాలామంది జవాబిస్తారు. ఆ జవాబులన్నీ ఒక ఎక్సెల్‌లో పెట్టుకో, సెప్టెంబర్‌లో అప్లికేషన్ పంపేటప్పుడు అదే పనికొస్తుంది. రెసిడెన్సీ ఎక్స్‌ప్లోరర్‌లో (ప్రోగ్రాంల వివరాలు చూపే వెబ్‌సైట్) కూడా చూడు, ఏ ప్రోగ్రాంలో ఎంతమంది డీఓలు ఉన్నారో కొంత తెలుస్తుంది. ప్రోగ్రాం పేజీలో ఇప్పుడున్న రెసిడెంట్ల ఫొటోల కింద డీఓ అని ఎన్ని ఉన్నాయో చూడటం నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది. వరుసగా మూడు బ్యాచ్‌లలో ఒక్క డీఓ కూడా లేకపోతే అక్కడ సిగ్నల్ (ఈ ప్రోగ్రాం మీద ప్రత్యేక ఆసక్తి ఉందని అప్లికేషన్‌తో పంపే గుర్తు, కొన్నే ఉంటాయి) వృథా చేయకు.

వరుస సంగతి: నేను స్టెప్ 2 ముందు రాసి, వారం పది రోజుల తర్వాత లెవెల్ 2 రాశాను. క్లినికల్ చదువు మొత్తం స్టెప్ 2 కోసం చేసినదే రెండిటికీ పనికొస్తుంది. మధ్యలో ఉన్న రోజులన్నీ ఓఎమ్ఎమ్‌కీ, కాంలెక్స్ తీరు ప్రశ్నలకీ. ఎథిక్స్, స్టాటిస్టిక్స్ రెండిట్లోనూ వస్తాయి, వదలకు. జూన్ చివరికల్లా లేదా జూలై మొదట్లో రెండూ అయిపోయేలా చూసుకో. రిజల్ట్ రావడానికి కొన్ని వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఆలస్యమవుతుంది. సెప్టెంబర్ చివర్లో ప్రోగ్రాంలు అప్లికేషన్లు తెరిచే రోజుకి స్కోరు లోపల ఉండాలి.

రొటేషన్ల చివర వచ్చే షెల్ఫ్ పరీక్షలకి (మా కాలేజీలో కామాట్ అనేవాళ్లం) ప్రతి రొటేషన్‌తోపాటు యూవరల్డ్ స్టెప్ 2 ప్రశ్నలు చేసుకుంటూ పోతే చివర్లో అంత భారం ఉండదు. ఇప్పుడు మాత్రం ఇమ్యునాలజీ తెరువు. నీ తర్వాతి కామ్‌సే స్కోరు ఇక్కడే పెట్టు, చూస్తాను.